అత్తయ్య నోటుబుక్కు వెనక పేజీలు

మా అత్తయ్యకి డయాలసిస్ మొదలై ఏడాదిన్నర అయింది. మంగళ, గురు, శనివారాలు. పొద్దున తొమ్మిదింటికి వెంకటాచలంలో బయల్దేరితే పదింటికల్లా పొగతోటలో ఆస్పత్రి మంచం మీద ఉండాలి. నాలుగు గంటలు మిషను. మళ్ళీ రెండున్నరకి ఇంటిదారి. పదిహేను కిలోమీటర్లే కదా అనుకుంటారు. అదీ హైవే. నిజమే, చల్లటి రోజుల్లో అదసలు ప్రయాణమే కాదు. కానీ మా నెల్లూరు ఎండలు మీకు తెలుసు కదా. ఏప్రిల్ దాటితే మధ్యాహ్నం రెండు గంటలకి కుక్క కూడా రోడ్డు మీదకి రాదు. సరిగ్గా ఆ వేళకే మేం బయటికి రావాలి.

నేను కారు నడపడం నేర్చుకున్నది కూడా ఈ డయాలసిస్ కోసమే. నలభై రెండేళ్ళ వయసులో. మావారు కృష్ణపట్నం పోర్టు దగ్గర ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పని చేస్తారు. ఆయనకి వారానికి మూడు రోజులు సెలవు ఎవరిస్తారు? ఆటోలో తీసుకెళ్తే ఆమె ఒళ్ళు హూనమైపోతోంది. అందుకని ఆయన ఆఫీసు బస్సుకి మారి, పాత కారు నాకు వదిలేశారు. పదకొండేళ్ళ చిన్న కారు. "గీతలు పడితే పడనీ, నువ్వు మాత్రం భయపడొద్దు" అన్నారు. గీతలు పడ్డాయి. భయం కూడా పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఏడు ఏప్రిల్ రెండో వారంలో ఆ కారు ఏసీ మొరాయించింది.

మామూలుగా అయితే ఇది రాసేంత సంగతి కాదు. ఏసీ లేకపోతే కిటికీలు దించుకుంటాం. మనమంతా ఏసీలు లేకుండా పెరిగినవాళ్ళమే. కానీ డయాలసిస్ పేషెంటు ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది, వాళ్ళకి నీళ్ళంటే ఏమిటో. మా అత్తయ్యకి డాక్టరుగారు రోజుకి ముప్పావు లీటరు అన్నారు. అందులోనే కాఫీ, మజ్జిగ, చారు అన్నీ. అంతకు మించితే ఆ నీరు బయటికి పోయే దారి లేదు. కాళ్ళు వాస్తాయి, ఆయాసం వస్తుంది, తర్వాతి సారి మిషను మీద ఎక్కువ నీరు లాగాల్సి వచ్చి బీపీ పడిపోతుంది. మనకి ఎండలో దాహం వేస్తే చెంబెడు నీళ్ళు తాగేస్తాం. ఆమె ఎండలో తిరిగొస్తే నోట్లో ఒక చిన్న ఐసు ముక్క పెట్టుకుని దాన్ని పదిహేను నిమిషాలు కరగబెట్టుకుంటుంది. అంతే ఆమె వైభోగం. అందుకని ఆమెకి చల్లదనం అంటే సుఖం కాదు, అదీ ఒక మందే.

పైగా మిషను మీద నుంచి లేచాక ఒంట్లో శక్తి ఉండదు. ఆ స్థితిలో సెగ కొట్టే కార్లో కూర్చోవడం ఎలా ఉంటుందో చూడండి. మొదటివారం ఏమీ అనలేదు. కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. రెండోవారం శనివారం పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే మంచం మీద నుంచి లేవకుండానే అంది.

"ఈ పొద్దు వద్దులే మే. ఒక్కరోజు పోకపోతే ఏం గాదు. ఆ ఎండలో నా వల్ల కాదు."

నా గుండె జారిపోయింది. ఒక్కరోజు పోకపోతే ఏమవుతుందో ఆస్పత్రిలో పక్క మంచాల దగ్గర విన్నాను. రెండు సార్లు మానేసి మూడోసారి అర్ధరాత్రి అంబులెన్సులో వచ్చినవాళ్ళని చూశాను కూడా. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పొటాషియం పెరిగితే గుండే ఆగిపోవచ్చు. ఆ రోజు ఎలాగో బతిమాలి, తడి తువ్వాలు మెడకి చుట్టి తీసుకెళ్ళాను. కానీ అప్పుడే నాకు అర్థమైంది. ఇది కారు రిపేరు సంగతి కాదు. ఏసీ బాగవకపోతే ఈమె ఆస్పత్రికి రావడం మానేస్తుంది.

మొదట మాకు దగ్గర్లోనే ఒక షాపుకి తీసుకెళ్ళాను. ఆ అబ్బాయి బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చూసి "గ్యాస్ అయిపోయింది మేడం, కొట్టిస్తే సరిపోతుంది" అన్నాడు. చిన్న సిలిండరు తెచ్చి పైపు తగిలించి గ్యాస్ ఎక్కించాడు. పదిహేను వందలు. రెండు రోజులు బాగానే ఉన్నట్టు అనిపించింది. మూడోరోజు నుంచి ముందుకన్నా అన్యాయం. మద్రాసు బస్టాండ్ సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఏసీ లోంచి వేడి గాలి.

రెండోసారి టౌన్లో పెద్ద షాపుకి వెళ్ళాను. అక్కడ ఏసీ వేసి విన్నారు. 'టక్' మని ఏదో ఆగిన చప్పుడు. "కంప్రెసర్ పోయింది మేడం. అది పోతే ఇనుప రజను లోపలంతా పాకేస్తుంది. కండెన్సర్, డ్రయ్యర్ అన్నీ మార్చాలి" అని కాగితం మీద రాసి ఇచ్చారు. ముప్పైరెండు వేలు. నా దగ్గర ఉన్నది చీటీ పాడిన డబ్బు నలభై వేలు. అది జూన్‌లో మా అమ్మాయి హాస్టల్ ఫీజుకని దాచింది.

ఆ కాగితం చూసి మావారు చాలాసేపు మాట్లాడలేదు. "కారు విలువే లక్షన్నర ఉండదు, దానికి ముప్పైరెండు వేలా" అన్నారు చివరికి. వంటింట్లో అంట్లు సర్దుతుంటే అత్తయ్య వచ్చి గడప మీద కూర్చుంది. వినేసినట్టుంది. "నాకోసరం పిలకాయ ఫీజు డబ్బులు తియ్యబాకండి. నేను తువ్వాలు తడిపి ఏసుకుంటాలే" అంది. ఆమె గొంతులో కోపం గానీ, ఏడుపు గానీ ఏమీ లేవు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఆ రాత్రి నేనొక పని చేశాను. మా ఇంట్లో డయాలసిస్ నోటుబుక్కు ఒకటి ఉంది. ముందు పేజీల్లో ఆమె బరువు, బీపీ, తాగిన నీళ్ళు గీతలు గీసి రాస్తాను. మిషను ఎక్కేముందు ఎంత బరువు, దిగాక ఎంత. ఆస్పత్రిలో సిస్టర్ నేర్పింది. "ఒంట్లో ఎట్టుందని అడిగితే పేషెంటు బాగుందంటారు, బాగలేదంటారు. అంకెలుంటే నాకు తెలుస్తుంది" అనేది. ఆ మాట గుర్తొచ్చి, అదే పుస్తకం తిరగేసి వెనక పేజీల్లో ఏసీ గురించి రాయడం మొదలుపెట్టాను. వంటింట్లో పాలు తోడెయ్యడానికి వాడే థర్మామీటరు ఒకటుంటే దాన్ని ఏసీ గాలి వచ్చే రంధ్రంలో గుచ్చాను.

మూడు ట్రిప్పులు రాశాను. పొద్దున తొమ్మిదింపావు, హైవే, 12 డిగ్రీలు. అయ్యప్పగుడి సెంటర్ దగ్గర ఆగాం, 19. పొగతోట సందులో, 24. మధ్యాహ్నం రెండున్నర, సిగ్నల్ దగ్గర, 31. 'టక్' చప్పుడు. హైవే ఎక్కి ఎనభైలో పోతుంటే ఐదు నిమిషాల్లో మళ్ళీ 14. మా ఊరి దగ్గర రైల్వే గేటు పడింది, పోర్టుకి పోయే బొగ్గు గూడ్సు. అది పోయేసరికి 33.

రాసిన తర్వాత చూస్తే నాకే అనిపించింది. గ్యాస్ లేకపోతే అన్నిచోట్లా చల్లదనం ఉండకూడదు కదా. కంప్రెసర్ పోతే హైవే మీద మాత్రం ఎందుకు పని చేస్తుంది? ఇంకొకటి కూడా తట్టింది. మొదటి షాపులో గ్యాస్ కొట్టించాక బాగుందనుకున్న ఆ రెండు రోజులూ మబ్బు పట్టింది! అంటే గ్యాస్ వల్ల చల్లబడలేదు, ఎండ లేకపోవడం వల్ల చల్లబడింది.

డయాలసిస్ వార్డులో నాలాగే కూర్చునే ఒకామె, వాళ్ళాయన కోసం వస్తుంది, ఆమె చెప్పింది ఆటోనగర్‌లో ఒక భాయ్ గురించి. ముందు ఫ్రిజ్‌లు బాగు చేసేవాడట, తర్వాత కారు ఏసీలకి మారాడట. అత్తయ్యని మిషను మీద పడుకోబెట్టి, సిస్టర్‌కి ఫోన్ నంబరిచ్చి, ఆ గురువారం నేను ఒక్కదాన్నే వెళ్ళాను. రేకుల షెడ్డు. అరవై ఏళ్ళుంటాయి ఆయనకి. బానెట్ ముట్టుకోలేదు. స్టూలు వేసి కూర్చోమని, టీ తెప్పించి అడిగాడు.

"ఎప్పుడు సల్లగుంటాదమ్మా? ఎప్పుడు ఉండదు?"

నేను బ్యాగులోంచి పుస్తకం తీసి వెనక పేజీలు చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. చదివి నవ్వాడు. "సగం పని మీరే చేసుకొచ్చారు. బండి కదిలితే సల్లదనం, ఆగితే సెగ. అంటే ముందు భాగానికి గాలి తగలడంలా. సూద్దాం రండి."

ఆ తర్వాత రెండున్నర గంటలు నేను అక్కడే నిలబడి చూశాను. ఆయన ప్రతిదీ చెప్తూ చేశాడు. నాకు అర్థమైనంతవరకూ మీకు చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకపోబట్టే నేను ముప్పైరెండు వేలు పెట్టబోయాను.

మన చేతి మీద స్పిరిట్ రాస్తే చల్లగా ఉంటుంది కదా, ఆరిపోతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఏసీ అంతా అదే కిటుకు. కార్లో ఉండే గ్యాస్ పేరు ఆర్ 134ఎ. మామూలు గాలి ఒత్తిడిలో అది మైనస్ 26 డిగ్రీలకే మరిగిపోతుంది. డాష్‌బోర్డు వెనక ఉండే ఎవాపరేటర్‌లో ఆ ద్రవం మరిగి, కారు లోపలి వేడిని పీల్చుకుంటుంది. ఆ వేడిని మోసుకుపోయే గ్యాస్‌ని కంప్రెసర్ నొక్కి, ముందు రేడియేటర్ ఎదురుగా ఉండే కండెన్సర్‌లోకి పంపుతుంది. అక్కడ బయటి గాలి తగిలి, గ్యాస్ తన వేడి వదిలేసి మళ్ళీ ద్రవమవుతుంది. అన్నం కుక్కర్ మూతకి ఆవిరి తగిలి నీటి బొట్లు అయినట్టు. అంటే ఏసీ చల్లదనాన్ని తయారు చెయ్యదు. లోపలి వేడిని తీసుకెళ్ళి బయట పారబోస్తుంది. బయట పారబోసే చోటు మూసుకుపోతే లోపల చల్లబడదు.

భాయ్ రెండు గడియారాల మీటరు తగిలించాడు. నీలం పైపు తక్కువ ఒత్తిడి వైపు, ఎర్ర పైపు ఎక్కువ ఒత్తిడి వైపు. ఇంజను ఆపి ఉన్నప్పుడు రెండు ముళ్ళూ ఒకే అంకె మీద నిలబడ్డాయి. "ఇది గ్యాస్ ఉందా లేదా మాత్రమే చెప్తాది. ఎంతుందో చెప్పదు. చానామంది ఈడే మోసపోతారు" అన్నాడు. తర్వాత ఇంజను వేసి, ఏసీ ఫుల్లుగా పెట్టాడు. నీలం ముల్లు కిందికి దిగి, అక్కడ నిలబడకుండా నెమ్మదిగా మళ్ళీ పైకి పోతోంది. ఎర్ర ముల్లు ఎక్కడం మొదలుపెట్టింది. రెండు వందలు, రెండు వందల యాభై, మూడు వందలు, ఇంకా ఇంకా. ఉన్నట్టుండి 'టక్'. నేను రోజూ వినే చప్పుడు. కంప్రెసర్ ఆగిపోయింది.

"సూశారా? ఇది సెడిపోలా. పైపులు పగలకుండా తనంతట తాను ఆగిపోయింది. అందుకని ఒక స్విచ్ ఉంటాది. మన కుక్కర్‌కి సేఫ్టీ వాల్వ్ ఉన్నట్టు."

పెద్ద షాపులో కంప్రెసర్ పోయిందన్న చప్పుడు అదే! కుక్కర్ సేఫ్టీ వాల్వ్ లేచిందని కుక్కర్ మార్చమన్నట్టు. తప్పు విజిల్ మూసుకుపోవడంలో ఉంది.

తర్వాత ఆయన చేసిన పని చూసి ఆశ్చర్యపోయాను. బకెట్‌తో నీళ్ళు తెచ్చి, మగ్గుతో ముందున్న కండెన్సర్ మీద పోశాడు. మా కళ్ళ ముందే ఎర్ర ముల్లు జరజరా దిగింది. లోపల థర్మామీటరు 30 నుంచి 15కి వచ్చింది. అర్ధ రూపాయి ఖర్చు లేని పరీక్ష. "నీళ్ళు పోస్తే సల్లబడిందంటే లోపల సామానంతా బాగుంది. వేడి బయటికి పోవడమే కుదరడంలా."

ఇక కారణం వెతకడం. మా కారుకి ముందు రెండు ఫ్యాన్లు. ఒకటి రేడియేటర్‌కి, ఒకటి కండెన్సర్‌కి. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఇంజను వేడెక్కలేదు, అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. కండెన్సర్ ఫ్యాన్ మాత్రం ఏసీ వేసినా కదలడం లేదు. ముందు ఫ్యూజ్ చూశాడు, బాగుంది. హారన్ రిలే తీసి ఫ్యాన్ రిలే చోట పెట్టి చూశాడు, రెండూ ఒకే రకమట. అయినా తిరగలేదు. బ్యాటరీ నుంచి నేరుగా వైరు ఇస్తే ఫ్యాన్ జుయ్యిమని తిరిగింది. అంటే మోటారూ బాగుంది. చివరికి ఫ్యాన్ దగ్గర వైర్లు కలిసే ప్లగ్గు ఊడదీశాడు. లోపలంతా పచ్చగా, పొడిపొడిగా.

"చిలుము" అన్నాను నేను. ఆ పచ్చదనం నాకు తెలియనిది కాదు. దేవుడి దగ్గర ఇత్తడి కుందులకి పట్టేదే. వారం వారం చింతపండుతో తోముతాను.

"అంతేనమ్మా. సముద్రం గాలి. ఈ బండి పోర్టు కాడ నిలబడతా ఉండేదా?"

ఎనిమిదేళ్ళు. మావారు రోజూ కృష్ణపట్నంలో ఎండకీ, ఉప్పుగాలికీ ఆరుబయటే నిలిపేవారు. కండెన్సర్ రెక్కల మధ్య కూడా బొగ్గు పొడి, మట్టి, చచ్చిన పురుగులు కలిసి పిడకలా కట్టుకుపోయాయి. భాయ్ ప్లగ్గు కొత్తది వేశాడు. కండెన్సర్‌ని పైపు నీళ్ళతో లోపలివైపు నుంచి బయటికి నెమ్మదిగా కడిగాడు. ప్రెషర్ వాషర్‌తో దగ్గర్నించి కొడితే ఆ పల్చటి రెక్కలు వంగిపోయి ఇంకా మూసుకుపోతాయట.

అంతటితో అయిపోలేదు. ఫ్యాన్ తిరుగుతున్నా ఎర్ర ముల్లు ఉండాల్సిన దానికన్నా ఇంకా పైనే ఉంది. బానెట్ లోపల ఒక స్టిక్కర్ చూపించాడు. మా కారుకి పట్టే గ్యాస్ 400 గ్రాములు అని అందులో రాసి ఉంది. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ చూడలేదు. లోపలున్న గ్యాస్‌ని మిషనుతో లాగి తూకం వేస్తే 560 గ్రాములు! మొదటి షాపులో ఆ అబ్బాయి తూకం లేకుండా కొట్టిన గ్యాస్ అది. ఎక్కువైన గ్యాస్ కండెన్సర్‌లో ద్రవంగా నిండిపోయి, వేడి పోవడానికి ఉన్న చోటు కూడా ఆక్రమించేస్తుందట. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి అరగంట లోపలి గాలి, తేమ అంతా లాగేశాడు. పంపు ఆపి ఇంకో పది నిమిషాలు ముల్లు కదలకుండా ఉందో లేదో చూశాడు. కదిలితే ఎక్కడో లీకున్నట్టు. కదల్లేదు. అప్పుడు కాటా మీద పెట్టి సరిగ్గా 400 గ్రాములు ఎక్కించాడు.

అది చూస్తుంటే నాకు వార్డు గుర్తొచ్చింది. సరిగ్గా అదే టైముకి పొగతోటలో ఒక మిషను మా అత్తయ్య ఒంట్లో ఎక్కువైన నీటిని లాగుతోంది. ఆమెకి కూడా ఒక అంకె ఉంది. డ్రై వెయిట్ అంటారు, నీరు చేరకముందు ఉండాల్సిన బరువు. ఆమెది యాభై రెండు కిలోలు. దానికి తక్కువైనా ప్రమాదం, ఎక్కువైనా ప్రమాదం.

బిల్లు రెండు వేల ఎనిమిది వందలు. నేను ఐదు వందలు ఎక్కువ ఇస్తే తీసుకోలేదు. "ఆ పుస్తకం రాయడం మాత్రం మానబాకండి" అన్నాడు. రెండు పాయింట్లు కూడా చెప్పి పంపాడు. వారానికోసారి ఏసీ వేసి, దిగి ముందుకెళ్ళి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడమన్నాడు. వేలు మాత్రం దగ్గర పెట్టొద్దన్నాడు. చలికాలంలో కూడా వారానికి పది నిమిషాలు ఏసీ నడపమన్నాడు, గ్యాస్‌తో పాటు తిరిగే నూనె లోపలి సీళ్ళని ఎండిపోకుండా చూస్తుందట.

రెండుంపావుకి ఆస్పత్రి గుమ్మం ముందు కారు పెట్టి, ఆమెని ఎక్కించేముందే ఐదు నిమిషాలు అన్ని కిటికీలూ దించి వేడి గాలి బయటికి పోనిచ్చి, అప్పుడు ఏసీ వేశాను. ఆమె ఎక్కి కూర్చుని, రెండు చేతులూ గాలికి పెట్టి కాసేపు మాట్లాడలేదు. పోతూ పోతూ అంతా చెప్పాను. ఎక్కువ గ్యాస్ కొట్టారనీ, లాగి తూకం వేశారనీ.

"అయితే నాకు మాదిరే దానికీ నీరెక్కువైందా?" అంది. "నీకు రెండు డయాలసిస్‌లు అయినాయి మే ఈ పొద్దు."

ఇద్దరం నవ్వాం. ఆ నెలలో మా కార్లో అదే మొదటి నవ్వు. అంతలో మా రైల్వే గేటు పడనే పడింది. బొగ్గు గూడ్సు. నేను పెట్టెలు లెక్కపెట్టలేదు, థర్మామీటరే చూస్తున్నాను. ఇంజను ఆపలేదు. 9 దగ్గర ఉన్న ముల్లు 10కి వచ్చి అక్కడే ఆగింది. గేటు లేచేదాకా అక్కడే ఉంది. అత్తయ్య కొంగు భుజాల చుట్టూ కప్పుకుని "కొంచిం తగ్గించు, సలేస్తా ఉండాది" అంది. ఆ మాట కోసం నేను నెల రోజులు తిరిగాను.

మీలో కూడా చాలామందిమి పిల్లల్ని బడికి, పెద్దవాళ్ళని ఆస్పత్రికి తిప్పుతున్నాం. షాపుకి వెళ్తే మనం ఆడవాళ్ళమని, కారు సంగతి మనకేం తెలుసని, చెప్పిందే వేదమన్నట్టు చెప్తారు. మీకు పనికొస్తాయని నేను నేర్చుకున్నవి నాలుగు మాటలు రాస్తున్నాను.

"గ్యాస్ అయిపోయింది" అంటే "ఎక్కడికి పోయింది?" అని అడగండి. అది పెట్రోలు కాదు, వాడితే అయిపోవడానికి. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి రబ్బరు పైపుల్లోంచి కొద్దికొద్దిగా తగ్గొచ్చు గానీ, ఏటేటా కొట్టించాల్సి వస్తోందంటే లీకున్నట్టే. లీకున్న చోట గ్యాస్‌తో పాటు నూనె కూడా కారి, జిడ్డుగా దుమ్ము పట్టి ఉంటుంది. లీకు కనిపెట్టి బాగు చేసి, స్టిక్కర్ మీద ఉన్నంత తూకం వేసి ఎక్కించమనండి. ఇంట్లో మనమే డబ్బా తెచ్చి ఎక్కించుకుందామని మాత్రం అనుకోవద్దు. ఆ ద్రవం చర్మం మీద పడితే గడ్డకట్టి పుండవుతుంది.

ఆగినప్పుడు సెగ, కదిలితే చల్లదనం అయితే ఫ్యాన్, కండెన్సర్ చూపించండి. గాలే తక్కువగా వస్తుంటే ముందు క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో అది గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది, మనమే తీసి చూడొచ్చు. నాది తీస్తే అందులో వేపాకులున్నాయి. మొదట చల్లగా ఉండి గంట ప్రయాణం తర్వాత గాలి తగ్గిపోయి, కాసేపు ఏసీ ఆపితే మళ్ళీ వస్తుంటే, లోపల ఎవాపరేటర్ మీద మంచు గడ్డకట్టి ఉండొచ్చు. ముందు సీటు కింద కాళ్ళ దగ్గర నీళ్ళు చేరితే చాలాసార్లు నీరు బయటికి పోయే చిన్న గొట్టం మూసుకుపోయి ఉంటుంది. తడి గుడ్డ కంపు వస్తుంటే ఎవాపరేటర్ మీద బూజు. ఇల్లు ఇంకో రెండు నిమిషాల్లో వస్తుందనగా ఏసీ ఆపి, ఫ్యాన్ మాత్రం నడిపితే తడి ఆరిపోతుంది.

ఎండలో నిలిపిన కారు అరగంటలోనే బయటికంటే పదిహేను, ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. పసిపిల్లల్నీ, పెద్దవాళ్ళనీ "ఇప్పుడే వస్తా" అని అందులో వదిలి వెళ్ళొద్దు, ఏసీ వేసి కూడా. ఆ ఏసీ ఎప్పుడు 'టక్' మంటుందో నాకు తెలుసు.

అన్నింటికన్నా ముందు ఒక పుస్తకం పెట్టుకోండి. ఏ టైము, ఎక్కడ, ఎంత వేడి, కదులుతోందా ఆగి ఉందా. మూడు రోజులు రాస్తే చాలు. ముప్పైరెండు వేల కాగితానికీ రెండు వేల ఎనిమిది వందల బిల్లుకీ మధ్య నా దగ్గర ఉన్నది అదొక్కటే.

రోహిణి కార్తె కూడా గడిచిపోయింది. మా అమ్మాయి ఫీజు కట్టేశాం. అత్తయ్య ఒక్క డయాలసిస్ కూడా మానలేదు. మొన్న శనివారం పొద్దున నేను వంటింట్లో ఉండగానే ఆమె చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చుని ఉంది, చేతిలో నోటుబుక్కు పట్టుకుని. ముందు పేజీలో ఆ రోజు బరువు తనే రాసింది, యాభై మూడున్నర. వెనక పేజీ కూడా తిప్పి, తారీకు వేసి, గీత గీసి పెట్టింది. అంకె మాత్రం నాకోసం ఖాళీ వదిలింది.